గోడ కొలిచి బొమ్మ కొనొద్దు

ఇంట్లో పెట్టుకోవడానికి పేరున్న చిత్రం ప్రింటు ఒకటి కొందామని వెళ్తే, అమ్మేవాళ్లు మొదట అడిగేది గోడ ఎంత ఉంటుందని. తర్వాత సోఫా రంగు అడుగుతారు, ఫ్రేము నల్లదా చెక్కరంగుదా అని అడుగుతారు. చిత్రకారుడు ఆ బొమ్మను ఎంత సైజులో వేశాడో వాళ్లు చెప్పరు, మనకూ అడగాలని తోచదు. అన్నిటికంటే ముందు అడగాల్సింది అదేనని నా గట్టి నమ్మకం. అసలు బొమ్మ కొలత తెలిస్తే ఏది కొనాలో, ఏది వదిలేయాలో, దేనిమీద అచ్చు వేయించాలో, ఎక్కడ తగిలించాలో సగానికి పైగా అక్కడే తేలిపోతుంది.

మూడు బొమ్మలు తీసుకుందాం. కరిగి జారిపోతున్న గడియారాలతో స్పెయిన్ చిత్రకారుడు డాలీ వేసిన చిత్రం 24 సెంటీమీటర్ల ఎత్తు, 33 సెంటీమీటర్ల వెడల్పు. ఏ4 కాగితం కంటే కాస్త పెద్దది, అంతే. జపాను చిత్రకారుడు హొకుసాయ్ 'పెద్ద అల' బొమ్మ సుమారు 26 సెంటీమీటర్ల ఎత్తు, 38 సెంటీమీటర్ల వెడల్పు. పికాసో యుద్ధ చిత్రం గెర్నికా మూడున్నర మీటర్ల ఎత్తు, దాదాపు 7.8 మీటర్ల వెడల్పు. ప్రింట్లు అమ్మేచోట ఈ మూడూ 36 అంగుళాల వెడల్పుతో పక్కపక్కనే కనిపిస్తాయి. అంటే డాలీ బొమ్మ మూడింతలకు దగ్గరగా పెరిగింది, గెర్నికా ఎనిమిదో వంతుకు కుంచించుకుపోయింది. చూసేవాళ్లకు మాత్రం మూడూ ఒకే రకం వస్తువుల్లా ఉంటాయి.

సైజు మారితే పోయేదేమిటని అడగొచ్చు. బొమ్మ అదే, గీతలు అవే కదా అనొచ్చు. చిన్న బొమ్మ వేసేటప్పుడు మణికట్టు కదులుతుంది. పెద్ద కాన్వాసు ముందు భుజం కదులుతుంది, నడుము వంగుతుంది, కాళ్లు నాలుగడుగులు వెనక్కి వేసి మళ్లీ ముందుకొస్తాయి. ఆ కదలిక గీతలో ఉండిపోతుంది. చూసేవాళ్లు ఎంత దూరంలో నిలబడాలన్నది కూడా చిత్రకారుడే సైజుతో నిర్ణయిస్తాడు. డాలీ గడియారాల్లో ఒకదాని మీద చీమలు మూగి ఉంటాయి. అసలు బొమ్మలో అవి కనిపించాలంటే ముక్కు ఆనించినంత దగ్గరికి వెళ్లాలి. అంత చిన్న చోట అంత కచ్చితంగా వేయడంలోనే ఆ చిత్రం బలమంతా ఉంది. మూడింతలు చేసి సోఫా మీద తగిలిస్తే చీమలు గది అవతలి నుంచే కనిపిస్తాయి. దగ్గరికి వెళ్లాల్సిన పనే లేకుండా పోతుంది.

హొకుసాయ్ అల సంగతి ఇంకా స్పష్టం. అది 1831 ప్రాంతంలో చెక్క దిమ్మల మీద చెక్కి కాగితం మీద అచ్చేసిన బొమ్మ. పుట్టుకతోనే అచ్చు. చేతిలో పట్టుకుని చూడటానికి తీసినది, ఒక్కటి కాదు, వేల ప్రతులు. అందులో అల కింద మూడు పడవలున్నాయి, వాటిలో మనుషులు వంగి పడవల్ని కరుచుకుని ఉన్నారు. చేతి సైజులో చూసినప్పుడు ముందు అల కనిపిస్తుంది, తర్వాత దూరాన కొండ, ఆ తర్వాతే ఆ మనుషులు. ఈ వరస ఆ కొలత వల్ల వచ్చింది. మీటరు వెడల్పుకు సాగదీస్తే అన్నీ ఒక్కసారే మీద పడతాయి. చెక్కేవాడు కత్తి మొనతో వదిలిన సన్నటి గీత లావెక్కి మొద్దుబారుతుంది. కాగితం పీచు కూడా పెద్దదై, అదేదో మరకలా కనబడుతుంది.

అందుకే నాకు తోచిన నియమం ఇది: అసలు సైజులోనో, దానికి చాలా దగ్గరలోనో ఇంట్లో పెట్టుకోగలిగిన చిత్రాన్నే ప్రింటుగా కొనాలి. గెర్నికాను ఇంట్లోకి తెచ్చుకోలేం. ఫ్రెంచి చిత్రకారుడు మోనే కలువల చిత్రాలు, పారిస్ ఆరంజరీ మ్యూజియంలో ఉన్నవి, దాదాపు రెండు మీటర్ల ఎత్తున గదుల గోడల పొడవునా సాగుతాయి, అన్నీ కలిపితే 90 మీటర్ల పైచిలుకు. మనిషి వాటి మధ్యలో నిలబడాలి. వాటిని పుస్తకమంత చేస్తే మిగిలేది నీలం, ఆకుపచ్చల జ్ఞాపకం. ఆ జ్ఞాపకం కావాలనుకునేవాళ్లు పోస్టుకార్డు కొనుక్కుని పుస్తకంలో పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం. లేదా అందులో ఒక చిన్న భాగాన్ని అసలు సైజులో అచ్చు వేయించి, ఇది భాగం మాత్రమేనని వెనక రాసుకోవడం. అలా తీసిన ముక్కలో కుంచె వెంట్రుకలు లాగిన గాడి సైతం కనిపిస్తుంది.

దీనికి వచ్చే జవాబు నాకు తెలుసు. పెద్ద గోడ మీద జానెడు బొమ్మ పెడితే గోడ బోసిపోతుందంటారు. నిజమే, చుట్టూ ఏమీ లేకుండా గోడ మధ్యలో మేకు కొట్టి వేలాడదీస్తే అలాగే ఉంటుంది. కానీ చిన్న బొమ్మలకు గోడ మధ్యలోనే చోటివ్వాలని ఎవరన్నారు? రాసుకునే బల్ల పక్కన, నడవా మలుపులో, కూర్చునే కుర్చీకి చేతికందేంత దూరంలో, పుస్తకాల అరల మధ్య ఖాళీలో వాటికి చోటుంది. మా ఇంట్లో జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ వేసిన కుందేలు ప్రింటు నేను పనిచేసే బల్లకు ఎడమవైపు, కూర్చుంటే కంటికి తిన్నగా ఉంటుంది. తల తిప్పితే దాని మీసాలు లెక్కపెట్టొచ్చు. ఆ కుందేలు కంట్లో కిటికీ ప్రతిబింబం ఒకటుంది, తెల్లటి చిన్న మెరుపు. గది అవతల, సోఫా మీద ఉండి ఉంటే ఆ కిటికీ నాకు ఎప్పటికీ కనిపించేది కాదు.

పెద్ద గోడకు పెద్ద బొమ్మే కావాలంటే అదీ దొరుకుతుంది, పెద్దదిగా పుట్టిన అచ్చుల్లో. 1891లో ఫ్రెంచి చిత్రకారుడు తులూజ్ లొట్రెక్ పారిస్‌లోని మూలాఁ రూజ్ నాట్యశాల కోసం తీసిన పోస్టరు సుమారు 190 సెంటీమీటర్ల ఎత్తు, 117 సెంటీమీటర్ల వెడల్పు. వీధి గోడల మీద, నడిచిపోయేవాళ్ల కళ్లబడటానికి రాతి మీద గీసి అచ్చేసినది. పెద్ద పెద్ద రంగు పరుపులు, నల్లటి ఆకారాలు, దూరం నుంచి చదవాల్సిన అక్షరాలు. అలాంటిదాన్ని నిండు సైజులో అచ్చు వేయించుకుంటే ఆ గోడకూ న్యాయం, బొమ్మకూ న్యాయం. నేను వద్దనేది పెద్ద బొమ్మను కాదు, ఊపిరి ఊది పెద్దది చేసిన బొమ్మను.

గోడను బట్టి బొమ్మ తేల్చుకోవడం ప్రింట్లతో మొదలైన అలవాటు కాదు. నగర రక్షక దళాన్ని చూపే రెంబ్రాంట్ చిత్రం 'నైట్ వాచ్'ను 1715లో ఆమ్‌స్టర్‌డామ్ పురపాలక భవనానికి మార్చినప్పుడు, అక్కడి గోడ మీద అది పట్టలేదు. అందుకని నాలుగు వైపులా కోసేశారు. ఎడమవైపు ఎక్కువగా తెగింది, అటు ఉన్న మనుషులు పోయారు. మధ్యకు కాస్త కుడిగా ఉండాల్సిన ఇద్దరు ముఖ్యులు నడిమధ్యకు వచ్చి, బొమ్మ సమతూకం మారిపోయింది. కోసిన ముక్కలు ఈనాటికీ దొరకలేదు. కోతకు ముందే గెరిట్ లుండెన్స్ అనే చిత్రకారుడు దాన్ని చూసి చిన్న నకలు వేసుకున్నాడు కాబట్టి ఏం పోయిందో మనకు తెలిసింది. 2021లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం ఆ చిన్న నకలును ఆధారం చేసుకుని, కంప్యూటరుకు రెంబ్రాంట్ పద్ధతి నేర్పి, పోయిన భాగాలను తిరిగి రూపొందించి, అచ్చేసి, అసలు చిత్రం అంచుల చుట్టూ కొంతకాలం తగిలించింది. జనం మూడు వందల ఏళ్ల తర్వాత ఆ బొమ్మ నిండు కొలతను చూశారు. ప్రింటు చేయగల అత్యంత గౌరవప్రదమైన పని అదేనని నాకనిపిస్తుంది: అసలు కొలతను తిరిగి ఇవ్వడం.

మనమేమో ఇంట్లో ప్రింట్లతో 1715 నాటి పనే రోజూ చేస్తున్నాం. క్లిమ్ట్ 'ముద్దు' చిత్రం 180 సెంటీమీటర్ల నలుచదరం. అది నిలువు ఫ్రేముల్లో అమ్మకానికి కనిపిస్తుంది. రెండు వైపులా బంగారు రేణువుల ఖాళీ తెగిపోయి, జంట మాత్రమే మిగులుతుంది. ఆ ఖాళీలోనే కదా వాళ్లిద్దరూ లోకానికి దూరంగా నిలబడింది. రెడీమేడ్ ఫ్రేములు కొన్ని నిష్పత్తుల్లోనే వస్తాయి, 2:3, 3:4, 4:5. బొమ్మ అందులో ఇమడకపోతే బొమ్మను కోస్తారు. కొనే ముందు మ్యూజియం వెబ్‌సైటులో ఆ చిత్రం కొలతలు చూసి, పొడవును వెడల్పుతో భాగించి, అమ్మే ప్రింటుతో పోల్చి చూడండి. తేడా ఉంటే కోశారనో, సాగదీశారనో అర్థం. ఫ్రేము మారినా పర్వాలేదు, లోపల మౌంటు, అంటే బొమ్మ చుట్టూ పెట్టే అట్ట అంచు, వెడల్పు మార్చి ఏ నిష్పత్తినైనా ఇమడ్చవచ్చు. బొమ్మ అంచు ముట్టుకోకూడదు.

కొలత తర్వాత చూడాల్సింది అసలు బొమ్మ దేనిమీద పుట్టిందని. కాగితం మీద పుట్టినవి, అంటే నీటిరంగులు, పెన్సిలు గీతలు, చెక్క అచ్చులు, రాతి అచ్చులు, రాగిరేకు మీద చెక్కినవి, కాగితం మీదకు తిరిగి వచ్చినప్పుడు చాలా తక్కువ నష్టపోతాయి. తైలవర్ణ చిత్రం అలా కాదు. వాన్‌గో రంగును గోడకు సిమెంటు మెత్తినంత మందంగా వేశాడు. ఆ గట్ల మీద పక్క నుంచి వెలుతురు పడి చిన్న చిన్న నీడలు కదులుతాయి. ప్రింటులో ఆ నీడలు ఫొటో తీసిన ఒక్క క్షణం దగ్గర ఆగిపోతాయి. దాన్ని దాచడానికి కాన్వాసు గుడ్డ మీద అచ్చేసి, పైన పారదర్శకమైన జెల్లు కుంచెతో పూసి ఇస్తారు. ఆ కుంచె జాడలకూ, వాన్‌గో కుంచె జాడలకూ ఏ సంబంధమూ ఉండదు. తైలచిత్రం కావాలనిపిస్తే నున్నటి మంచి కాగితం మీద, ఇది ఫొటో నుంచి తీసిన నకలని దాచకుండా చెప్పే ప్రింటే కొంటాను. కాగితం మీద వేసిన నీటిరంగుల బొమ్మను తెచ్చి కాన్వాసు నేత మీద అచ్చేసిన ప్రింట్లు కూడా చూశాను. దానికి మాత్రం నా దగ్గర ఏ సమర్థనా లేదు.

తైలచిత్రాలు అచ్చులోకి వచ్చి నిలవలేదా అంటే నిలిచాయి. రవివర్మ 1894లో బొంబాయిలో రాతి అచ్చు ప్రెస్సు పెట్టించి తన చిత్రాలను ఓలియోగ్రాఫులుగా, అంటే తైలచిత్రంలా కనిపించే రంగుల రాతి అచ్చులుగా, తీయించాడు. అవి తైలచిత్రాన్ని యథాతథంగా దించినవి కావు. ఒక్కో రంగుకు ఒక్కో రాయి మీద పనివాళ్లు చేత్తో మళ్లీ గీసినవి, ఆ అచ్చు కొలతకు, ఆ ఇంకులకు తగినట్టు తిరిగి కూర్చినవి. ఇవాళ వాటినే విడిగా సేకరించి దాచుకుంటున్నారు. వాన్‌గో తన పడకగది చిత్రాన్ని మూడుసార్లు వేశాడు. మూడోది తల్లికీ చెల్లెలికీ ఇవ్వడానికి, వాళ్ల ఇంటికి సరిపడేలా చిన్నది చేసి వేశాడు. చిన్నది చేయడం తప్పని నేననను. చిన్నది చేసేటప్పుడు ఎవరో ఒకరు కూర్చుని మళ్లీ ఆలోచించాలి. ప్రింటు ఫైలును మౌసుతో లాగి చిన్నది చేసినప్పుడు ఆ ఆలోచన ఎవరూ చేయడం లేదు.

ఆ పడకగది రంగుల గురించి కూడా చెప్పాలి. 1888లో తమ్ముడికి రాసిన ఉత్తరంలో వాన్‌గో ఆ గోడలు లేత ఊదా అన్నాడు. ఇవాళ మ్యూజియంలో చూస్తే నీలంగా ఉంటాయి. ఆయన కలిపిన ఎర్రటి రంగు వెలుతురుకు వెలిసిపోయి నీలం మిగిలింది. అంటే ప్రింటు అసలులాగే ఉందా అన్న ప్రశ్నకు, ఏ ఏటి అసలులాగా అని తిరిగి అడగాలి. పైగా మూడింటిలో ఏది? ఆమ్‌స్టర్‌డామ్‌దా, షికాగోదా, పారిస్‌దా? అమ్మేవాళ్లు చిత్రం పేరు మాత్రమే రాసి, ఏ మ్యూజియం ప్రతి నుంచి, ఎవరు తీసిన ఫొటో నుంచి అచ్చేశారో రాయకపోతే ఆ రంగులకు ఎవరూ పూచీ లేనట్టే. తెలిసినవాళ్లు ఇది మొదటే చెబుతారు.

ఇక్కడ అసలు కొలతను పట్టుకుని ఉండటం వల్ల ఒక ఆచరణాత్మక లాభం ఉంది. ఇప్పుడు చాలా మ్యూజియంలు కాపీరైటు తీరిన చిత్రాల ఫొటోలను ఉచితంగా దించుకోనిస్తున్నాయి. రైక్స్ మ్యూజియం 2012లో అందుకోసం వెబ్‌సైటులో తన స్టూడియో పేజీ తెరిచింది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2017లో మూడున్నర లక్షలకు పైగా ఫొటోలను ఏ షరతూ లేకుండా వదిలింది. షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ 2018లో అదే చేసింది. అమ్మకందారులు కూడా చాలాసార్లు ఈ ఫైళ్ల నుంచే అచ్చేస్తారు. దగ్గర నుంచి చూసే ప్రింటుకు అంగుళానికి 300 పిక్సెళ్లు ఉంటే చాలు. హొకుసాయ్ అల వెడల్పు 15 అంగుళాలు, అంటే 4,500 పిక్సెళ్లు. మీటరు వెడల్పుకు పెంచాలంటే దాదాపు 11,800 కావాలి. అన్ని పిక్సెళ్లున్న ఫైలు లేనప్పుడు కంప్యూటరు మధ్యలో ఊహించి నింపుతుంది. చిన్న బొమ్మను అసలు కొలతలో అచ్చు వేయించుకునేవాళ్లకు ఉచిత ఫైలే తరచు సరిపోతుంది, ఊహించి నింపాల్సిన అవసరమూ రాదు. డాలీ, పికాసోల వంటి వాళ్ల చిత్రాలు ఈ లెక్కలోకి రావు, వాటికి హక్కుదారులున్నారు, అనుమతితో అచ్చేసినవే కొనాలి.

ఇంకు, కాగితం గురించి ఎక్కువ చెప్పను, అడగాల్సినవి కొన్నే. వాడింది పిగ్మెంట్ ఇంకు అవునా, డై ఇంకు అవునా? పిగ్మెంట్ అంటే రంగు పొడి రేణువులుగా కాగితం మీద నిలుస్తుంది, వెలుతురును బాగా తట్టుకుంటుంది. డై కరిగి కాగితంలోకి ఇంకుతుంది, త్వరగా వెలుస్తుంది. ఇంక్‌జెట్ కళా ప్రింట్లకు వాడే పేరు జిక్లే; అది రాసి ఉంటే దాన్నే హామీ అనుకోవద్దు. 1991లో జాక్ డుగాన్ ఆ పేరు పెట్టిన నాటి ఐరిస్ ప్రింటర్లు వాడినవి డై ఇంకులే, ఆ తొలినాటి ప్రింట్లు కొన్ని త్వరగానే వెలిశాయి. కాగితం నూలు పీచుతో చేసినదై, ఆమ్లం లేనిదై ఉండాలి. కళ్లు చెదిరే తెలుపు వద్దు. ఆ తెలుపు కోసం కలిపే రసాయనాలు కొన్నేళ్లకు పనిచేయడం మానేస్తాయి, కాగితం పసుపుపచ్చగా తిరుగుతుంది. వీలైతే ముందు ఒక పట్టీ మాత్రం అచ్చేయించి, ఇంటికి తెచ్చి, దాన్ని పెట్టబోయే చోట పగలూ రాత్రీ చూడండి.

మరొకటి, ప్రింటు కింద 27/250 అని, అంటే 250 ప్రతుల్లో 27వదని, నంబరు వేసి ధర పెంచే పద్ధతి. రాగిరేకు మీద చెక్కిన బొమ్మకు ఆ నంబరుకు అర్థముంది. అచ్చేసిన కొద్దీ రేకు అరుగుతుంది, మొదటి ప్రతులు పదునుగా వస్తాయి. ఫైలు అరగదు. మూడు వందల ఏళ్ల కిందట పోయిన చిత్రకారుడి బొమ్మను ఫైలు నుంచి తీసి నంబరు వేస్తే, ఆ కొరత అమ్మేవాళ్లు కల్పించినదే. ఆ నంబరుకు ఇచ్చే డబ్బు ఫ్రేముకు పెట్టడం న్యాయం.

ఎందుకంటే ప్రింటు ఆయుష్షు చాలావరకు ఫ్రేము చేతిలో ఉంటుంది. కాగితం అద్దానికి తగలకూడదు. తగిలితే తేమ పట్టిన రోజుల్లో ఇంకు అద్దానికి అంటుకుంటుంది, తీయబోతే బొమ్మ ఊడొస్తుంది. మధ్యలో మౌంటు బోర్డు ఉండేది అందుకే, అందం తర్వాతి సంగతి. అది కూడా ఆమ్లం లేనిదే కావాలి. మామూలు అట్ట కోసిన అంచు కొన్నేళ్లకు గోధుమరంగు తిరిగి, ఆ మరక బొమ్మ మీదకు పాకుతుంది. చిన్న బొమ్మకు మౌంటు వెడల్పుగా ఉండనివ్వండి, బొమ్మలో సగం వెడల్పున్నా ఎక్కువ కాదు. కింది వైపు కాస్త ఎక్కువ వదిలితే బొమ్మ జారినట్టు కనిపించదు. జానెడు బొమ్మకు గోడ మీద గౌరవం తెచ్చేది ఈ ఖాళీయే, బొమ్మను పెంచాల్సిన పని లేదు.

ప్రింటును వెనక అట్టకు పూర్తిగా అతికించనివ్వకండి. కాగితం తేమకు పెరుగుతుంది, ఎండకు తగ్గుతుంది, దానికి కదలిక కావాలి. పై అంచున రెండు చోట్ల పల్చటి జపాను కాగితపు పట్టీలు, గోధుమ స్టార్చ్ (గంజి) జిగురుతో వేస్తే చాలు. అది ఎప్పుడైనా నీటి తడితో ఊడి వస్తుంది. సెల్లోటేపు జిగురు కాగితంలోకి దిగి శాశ్వతంగా మిగిలిపోతుంది. ఫ్రేము కట్టేవాళ్లలో కొందరు ఇదంతా చాదస్తమంటారు. వాళ్ల దగ్గర కట్టించొద్దు.

అద్దం విషయంలో ఒక్క సంగతి. మామూలు అద్దాన్ని అంచు నుంచి చూస్తే పచ్చగా ఉంటుంది, అందులోని ఇనుము వల్ల. ఆ పచ్చదనం కాగితపు తెలుపు మీద సన్నగా పడుతుంది. ఇనుము తక్కువున్న, అతినీలలోహిత కిరణాలను ఆపే అద్దం ఖరీదెక్కువ. అయినా చిన్న బొమ్మకు చిన్న ముక్కే కదా కావాలి. ఏ అద్దం వేసినా సూటిగా ఎండ పడే గోడ మాత్రం వద్దు. కాగితం మీది బొమ్మలకు మ్యూజియంలు సాధారణంగా 50 లక్సులకు (లక్సు వెలుతురును కొలిచే ప్రమాణం) మించి వెలుతురు పెట్టవు. నేరుగా పడే ఎండ లక్ష లక్సుల దాకా ఉంటుంది. డ్యూరర్ కుందేలు అసలును వియన్నాలోని ఆల్బర్టీనా మ్యూజియం కొన్ని నెలలు మాత్రమే చూపించి, తర్వాత ఏళ్ల తరబడి చీకట్లో దాచిపెడుతుంది. ప్రింటుకు అంత కట్టుబాటు అక్కర్లేదు, కానీ కారణం అదే. తేమ ఊరే గోడైతే ఫ్రేము కింది మూలలకు చిన్న రబ్బరు బిళ్లలు అంటించి, వెనక గాలి ఆడేలా చేయాలి.

నా వాదనకు ఎదురయ్యే ఒక గట్టి అభ్యంతరం మ్యూజియంల నుంచే వస్తుంది. పారిస్ లూవ్ర్ మ్యూజియంలో కూర్చుని నకళ్లు వేసుకునే చిత్రకారులకు ఒక నియమం ఉంది: నకలు అసలు కంటే ఐదో వంతు పెద్దదిగానో చిన్నదిగానో ఉండాలి, సంతకం దించకూడదు. అసలు సైజులో నకలు ఉంటే రేపు దాన్నే అసలని అమ్మే ప్రమాదం ఉందని ఆ నియమం పెట్టారు. చేత్తో వేసిన తైలచిత్రం విషయంలో అది సబబే. అద్దం కింద కాగితం మీద ఉన్న ప్రింటును భూతద్దం పెట్టి చూస్తే ఇంకు తుంపరలు కనిపిస్తాయి, ఎవరినీ ఎక్కువ సేపు మోసం చేయలేదు. అయినా ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. పాత అచ్చుల విషయంలో, ముఖ్యంగా అసలూ కాగితమే అయినప్పుడు, చేతులు మారేకొద్దీ అయోమయం పుట్టొచ్చు. దానికి మందు సైజు మార్చడం కాదు, వెనక చీటీ రాయడం.

చీటీ ప్రింటు మీద కాదు, ఫ్రేము వెనక బోర్డు మీద అంటించాలి. పెన్సిలుతో రాస్తే వెలవదు. మా కుందేలు వెనక ఇలా ఉంది: ఆల్బ్రెక్ట్ డ్యూరర్, కుందేలు పిల్ల, 1502. నీటిరంగులు, కాగితం మీద. ఆల్బర్టీనా, వియన్నా. అసలు సుమారు 25 × 22.5 సెంటీమీటర్లు. ఇది నకలు, అదే కొలతలో. పిగ్మెంట్ ఇంకు, నూలు కాగితం.